కొలత కర్ర

“రెండు వేళ్లు తక్కువండీ. ఎక్కించడం కుదరదు,” అంది విమానాల రైడ్ దగ్గరి అమ్మాయి, కొలత కర్ర కింద నిలబడ్డ మా రెండున్నరేళ్ల వాణ్ణి చూసి.

“ఎండలో గంటన్నర నిలబెట్టి ఇప్పుడా చెప్పేది?” మా ఆయన గొంతు లేచింది. వాడి జుట్టు పైకి ఎగదువ్వాడు. “ఇప్పుడు చూడండి!”

“జుట్టు లెక్కలోకి రాదు సార్. అసలు చెప్పులు కూడా విప్పించి కొలవాలి.”

విప్పితే ఇంకో వేలు తగ్గింది. వాడు నేలమీద దొర్లి పార్కు దద్దరిల్లేలా ఏడుపు లంకించుకున్నాడు.

“బయల్దేరేముందు ఇవన్నీ కనుక్కోవద్దూ?” అన్నాడాయన నాతో.

నాకు ఒళ్లు మండిపోయింది. “టికెట్లు కొన్నది మీరేగా! అన్నిటికీ నేనే దొరుకుతాను. సరే, ఇంతసేపు నిలబడ్డాం, మనమైనా ఎక్కుదాం పదండి. అత్తయ్యా, వీణ్ణి కాస్త పట్టుకోండి.”

పొద్దుట్నుంచీ ప్రతి రైడ్ దగ్గరా ఆవిడతో నేనన్నది ఆ మాటే. కాకపోతే ‘సంచులు పట్టుకోండి’. ప్రతిసారీ “అలాగేనమ్మా” అని బెంచీ వెతుక్కునేది.

ఈసారి జవాబు రాలేదు. విసుగ్గా వెనక్కి తిరిగాను.

పాలసీసా సంచీ, బట్టల సంచీ నేలమీద ఉన్నాయి. వాటి పక్కన చెప్పుల జత. కొలత కర్ర కింద మా అత్తయ్య, వంగిన నడుము వీలైనంత నిటారు చేసుకుని నిలబడి ఉంది.

“చూడమ్మా,” అంది ఆ అమ్మాయితో మెల్లగా, “నేను సరిపోతానా?”