జాబితాలో లేని జోహ్రా

"ఈ జోహ్రా ఎవరు?" కాగితాన్ని బల్ల మీద విసిరికొట్టి అడిగాడు నూరెద్దీన్.

ఐన్ జర్రా పట్టణంలోని నీళ్ల ఆఫీసుకి ఆయన డైరెక్టరు. కాగితం గవర్నరు కార్యాలయం నుంచి వచ్చింది. ఫిర్యాదు చేసిన రోజే జవాబు రాసి, మూడో రోజుకల్లా పైపు బాగుచేయిస్తున్న జోహ్రా గారికి సన్మానం చేస్తామని, ఆవిణ్ణి శుక్రవారం పంపించమని అందులో ఉంది.

"మన ఆఫీసులో జోహ్రా అనే మనిషే లేదు కదండీ, నూరెద్దీన్ గారూ," అంది ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే నైలా.

"అదే కదా నా ఏడుపు! ఎవరో నా ఆఫీసు పేరు పెట్టుకుని, నా సంతకం లేకుండా, నా మనుషుల్ని ఊరంతా తిప్పుతున్నారు. ఒంటిగంటకి పోలీసుల దగ్గరికి వెళ్తున్నా. ఈలోగా అదెవరో తేల్చు. తేలకపోతే నీ ఉద్యోగం సంగతి నేను తేలుస్తా."

ఆయన వెళ్లగానే నైలా పాత మెయిల్ సర్వర్‌లోని పేర్ల జాబితా తెరిచింది. ఆమె చేరి మూడు వారాలే అయింది. ఆ పేర్లన్నీ కొత్త సర్వర్‌లోకి మార్చి, సాయంత్రానికి పాతదాన్ని ఆపేయాలి.

ముప్ఫై ఏడు పేర్లు. ఒక్కో పేరు వెనక ఒక్కో ఉత్తరాల పెట్టె, ఒక్కో మనిషి. జోహ్రా పేరు ఆ వరుసలో లేదు. ఇంకో ఫైలులో, చిట్టచివర ఒంటరిగా ఉంది. ఆ పేరుకి పెట్టె లేదు, పాస్‌వర్డ్ లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క వరుస: జోహ్రాకి ఏ ఉత్తరం వచ్చినా బయట ఉన్న ఫలానా చిరునామాకి తోసేయాలని. ఆ చిరునామాలో యాస్మిన్ అన్న పువ్వు పేరు, రెండు అంకెలు తప్ప ఏమీ లేవు.

నైలాకి భయం కన్నా కుతూహలం ఎక్కువైంది. వెనక పెరట్లో పైపులు దింపిస్తున్న మేస్త్రీ బెషీర్ దగ్గరికి పరిగెత్తింది.

"జోహ్రా మేడమ్‌ని ఎప్పుడైనా చూశావా?"

"మేమెక్కడ చూస్తాం తల్లీ? పెద్దాఫీసులో ఉంటుందేమో అనుకున్నాం."

"చూడకుండానే ఆవిడ చెప్పిన చోటికల్లా వెళ్తారా?"

బెషీర్ చేతులు దులుపుకున్నాడు. "ఇరవై రెండేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నా. 'ఎండలో పంపిస్తున్నాను, ఏమీ అనుకోకు నాయనా' అని రాసింది ఆవిడొక్కతే. వెళ్లకుండా ఎట్లా ఉంటాం?"

నైలా తిరిగొచ్చి, తనకన్నా ముందు ఆ సర్వర్‌ని చూసుకుని రిటైరైన హెదీకి ఫోన్ చేసింది. అవతల కాఫీ హోటల్లో పేకాట గోల వినిపిస్తోంది.

"హెదీ బాబాయ్, జోహ్రా వరుస రాసింది మీరేనా?"

హెదీ నవ్వేశాడు. "దొరికిపోయానన్నమాట."

"ఎవరు బాబాయ్ ఆవిడ? పేరు నిజమేనా?"

"పేరూ ఉత్తుత్తిదే. నీళ్లు రాని వాళ్లందరూ పోయి ఆవిడ తలుపే తడుతున్నారు. 'మీ ఆఫీసులో నాకో పేరు పడెయ్, నేనే చూసుకుంటా' అంది. పడేశా. ఎవరన్నది మాత్రం చెప్పను. మాటిచ్చా."

"డైరెక్టరు గారు పోలీసుల దగ్గరికి వెళ్తున్నారు. మీ పింఛను పోతుంది!"

"పోతే పోనీ. మాట మాటే," అని ఫోన్ పెట్టేశాడాయన.

నైలా గోడ గడియారం చూసింది. పన్నెండుంపావు. ఆ వరుసని కొట్టేస్తే తన ఉద్యోగానికి ఢోకా లేదు. కానీ ఆ పొద్దున వచ్చిన ఉత్తరాల చిట్టాలో జోహ్రా పేరు మీద పంతొమ్మిది ఉన్నాయి. డైరెక్టరు పేరు మీద ఒక్కటీ లేదు. కొట్టేయడానికి చెయ్యి రాలేదు. చివరికి జోహ్రాకే రాసింది.

"అమ్మా, నేను ఇక్కడ కొత్తగా చేరిన నైలాని. మీ పేరు కొత్త సర్వర్‌లోకి ఎక్కించాలో వద్దో ఇవాళే తేలాలి. మా డైరెక్టరు ఒంటిగంటకి మీ మీద పోలీసు ఫిర్యాదు ఇవ్వబోతున్నారు. హెదీ బాబాయ్ నోరు విప్పడం లేదు. మీరెవరో మీరే చెప్పండి."

ఒంటిగంటకి పది నిమిషాలుండగా నూరెద్దీన్ కోటు తొడుక్కుని వచ్చాడు. "తేలిందా?"

సరిగ్గా అప్పుడే తెర మీద జవాబు పడింది.

"పైకి చదువు," అన్నాడాయన.

"'నైలా తల్లీ, ఇందులో నీ తప్పు లేదు, హెదీ తప్పూ లేదు. బలవంతంగా రాయించుకున్నది నేనే...'"

"చూశావా, ఒప్పుకుంది!" నూరెద్దీన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆగకు, చదువు."

"'ఐదేసి రోజులు నీళ్లు రాక, ఆడవాళ్లు చంటిపిల్లల్నెత్తుకుని నా గుమ్మంలో నిలబడితే నేనేం చెప్పను? ఆఫీసుకి రాస్తే జవాబుండదని ఏడుస్తుంటే ఎట్లా చూస్తూ ఊరుకోను? నాకు సన్మానాలొద్దు. పొద్దునొచ్చిన పంతొమ్మిదింటికీ జవాబిచ్చేశాను. నా పేరు తీసేయాలనుకుంటే తీసేయ్. కానీ ఆ తర్వాత వచ్చేవాళ్లకి ఎవరో ఒకరు జవాబు రాయాలి.'"

"గుమ్మంలోనా? ఎవరి గుమ్మంలో? ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా ఈవిడ ఇంటికే ఎందుకు పోతారు?" నూరెద్దీన్ ముందుకి వంగాడు. "కింద సంతకం ఏముంది?"

"సంతకం లేదండీ. ఇంకొక్క వాక్యం ఉంది." నైలా దాన్ని ముందు మనసులో చదువుకుంది. మళ్లీ చదివింది. తలెత్తి డైరెక్టరు వంక చూసింది.

"ఏమైంది? చదవవేం?"

నైలా గొంతు సవరించుకుని చదివింది.

"'పోలీసుల దగ్గరికి తర్వాత వెళ్లొచ్చుగానీ, మలూఖియా కూర చల్లారకముందే ఇంటికొచ్చి అమ్మ చేతి ముద్ద తినిపొమ్మని మా నూరీగాడికి చెప్పు.'"