సంబంధం, సంతకం

“మనస్విని సీఏ అయినంక మా మిల్లుకు బయటి ఆడిటర్ ఎందుకు చెల్లె? కోడలే సంతకం పెడ్తది,” అంటూ టీ అందుకున్నాడు సత్తయ్య. కొడుక్కి పిల్లను చూడటానికి మిర్యాలగూడ నుంచి వచ్చాడాయన.

కౌసల్య మురిసిపోయింది. బిడ్డకు ఇంతకంటే మంచి సంబంధం రాదు.

“అట్ల పెట్టొద్దు అంకుల్,” అంది మనస్విని. “మిల్లు కంపెనీకి మీ అబ్బాయి డైరెక్టర్ కదా. మొగడు డైరెక్టర్‌గ ఉన్న కంపెనీని పెండ్లాం ఆడిట్ చెయ్యొద్దని రూలుంది.”

కౌసల్య బిడ్డ కాలు తొక్కింది.

“కాలు తొక్కితే రూలు మారదమ్మా.”

సత్తయ్య కప్పు కింద పెట్టాడు. “జర చూసీ చూడనట్టు పోరాదు బిడ్డా?”

“పోరాదంకుల్. నా సంతకం చెల్లదు, మీ మిల్లు పరువు పోతది.”

సంబంధం చేజారిపోయిందని కౌసల్యకు అర్థమైంది. 

సత్తయ్య గడ్డం గోక్కున్నాడు.

“ఏమనుకోకు చెల్లె. కోడలు ఇంకెక్కడన్న దొరుకుతది. గిసొంటి ఆడిటర్ దొరకది. పెండ్లి మాట ఇడిసిపెడ్దాం. పాసయినంక మా మిల్లు ఆడిట్ మాత్రం నీ బిడ్డదే.”

కౌసల్య బిడ్డ వైపు కొత్తగా చూసింది. సత్తయ్య ముందు ఇంతసేపూ నిలబెట్టిన పిల్లకు కుర్చీ లాగి వేసింది.

“కూసోని మాట్లాడు బిడ్డా. ఫీజెంతనో నువ్వే చెప్పు.”