ఒడ్డున ఆగిన సేనాని

సేనాని మళ్ళీ నదిలో దిగాడు.

వెనక మూడు వందల మంది రౌతులు, ముందు ఒక జెండా, జెండా పక్కన నా తమ్ముడి ముఖం. తెర మీద నీలం గీత మధ్యలోకి వెళ్ళి ఆగిపోయారు. "సేనాని మరణించెను" అని అక్షరాలు పడ్డాయి.

ఇది పదిహేడోసారి.

పాత రాజ్యాల యుద్ధాల కంప్యూటర్ ఆట ఇది. దాని ఫైళ్ళు విప్పి, చరిత్రలో జరగనివి జరిగేలా మార్చడం మా అన్నదమ్ముల పిచ్చి. మ్యాపులు, మనుషులు వాడి పని. కోడు నా పని. రాజుకు నా ముఖం, సేనానికి తన ముఖం అతికించాడు. నాకు మీసాలు కాస్త ఎక్కువే పెట్టాడు, వెధవ.

అసలు కథలో ఆ సేనాని వరదలో నది దాటబోయి మునిగిపోతాడు. దాటకుండా ఆగి ఉంటే? అది తేల్చాలని మొదలుపెట్టాం.

సగంలో ఉండగా వాడు పోయాడు. జోరువానలో, బండి మీద, నీళ్ళు పారుతున్న కల్వర్టు దాటబోయి.

ఎనిమిది నెలలుగా మిగతా సగం నేనే చేస్తున్నాను.

వంతెన కట్టాను. అది చుట్టుదారి, నీళ్ళలోనే దిగాడు. పడవలు పెట్టాను. వాటికోసం ఆగలేదు. మొండిఘటం.

వరదే తీసేయొచ్చు. కానీ అది దొంగాట. వాన వానలాగే ఉండాలి. వాడే ఆగాలి.

అమ్మ టీ కప్పు బల్ల మీద పెట్టింది.

"అంత వానలో వాడెందుకు బయల్దేరాడంటావురా?"

"తెలీదమ్మా."

ఎనిమిది నెలలుగా అదే ప్రశ్న, అదే జవాబు.

ఆమె వెళ్ళాక, వాడి ఫైళ్ళలో ఇంతవరకూ ముట్టుకోని ఒక్కదాన్ని తెరిచాను. సేనాని స్వభావం.

ధైర్యం తొమ్మిది. ఓపిక రెండు. కింద వాడి రాత.

"అన్న రమ్మని లేఖ రాస్తే వాన చూడడు, వరద చూడడు. దగ్గరి దారిన వచ్చేస్తాడు."

పక్కన నవ్వుతున్న బొమ్మ.

ఆ వరుస మళ్ళీ చదివాను.

ఆ రోజు ఫోన్ చేసింది నేనే. మ్యాపు వాడి పెన్‌డ్రైవ్‌లో ఉంది. "సాయంత్రంలోపు మ్యాపు నెట్‌లో పెడతామని అందరికీ మాటిచ్చాం, తొందరగా రారా" అన్నాను. వాన పడుతోందన్నాడు. "నువ్వేమైనా కరిగిపోతావా?" అన్నాను.

ఇది అమ్మకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

వాడు రాసిన వరుస చెరపడానికి మనసొప్పలేదు. నా కోడులోకి వెళ్ళి, సేనానిని రమ్మని రాజు రాసే లేఖ తీసేశాను.

ఆట మళ్ళీ మొదలుపెట్టాను.

సేనాని నది దాకా వచ్చాడు. డేరాలు వేసుకున్నాడు. వాన ఆగలేదు. రెండో టర్ను, మూడో టర్ను. అవతల శత్రువులు రాజధానిని చుట్టుముట్టారు. ఐదో టర్నులో కోట పడిపోయింది. మీసాల రాజు చచ్చాడు.

పీడా పోయిందనుకున్నాను.

సేనాని ఒడ్డునే ఉన్నాడు. నేను ఊరికే టర్నులు నొక్కుతూ కూర్చున్నాను.

కప్పు తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మ తెర ముందు వంగింది.

"మన చిన్నోడు కదూ!"

"ఆఁ."

"ఇక్కడే ఉన్నాడే. దాటలేదా?"

"లేదమ్మా. ఈసారి నేను పిలవలేదు."

కప్పులో టీ అలాగే ఉంది. అమ్మ తెర మీంచి కళ్ళు తిప్పి నా వైపు చూసింది.