కషాయం తాగని మనిషి

“సీసా మీద ఉన్నది మీ ఆయనేనా?” అని అడిగాడు మేనేజరు, సీసాను వెలుగుకు తిప్పి చూస్తూ.

“ఆయనేనండి. ఎలా ఉన్నారో చూశారుగా. ముంజేతి కంకణానికి అద్దమెందుకు?”

ఫొటోలోని మనిషికి నిండు బుగ్గలు, విశాలమైన ఛాతీ, నోరంతా నవ్వు. కింద పచ్చటి అక్షరాలతో ‘మా ఇంటి ఆరోగ్య రహస్యం’ అని రాసి ఉంది. లోపల శొంఠి, మిరియాలు, పసుపు, వాము, దాల్చినచెక్క, ఎండు పుదీనా కలిపి కొట్టిన పొడి. చెంచాడు పొడిని నీళ్లలో మరిగించి మూడు పూటలా తాగాలి. దగ్గు, జలుబు, అజీర్తి, నిద్ర పట్టకపోవడం, కీళ్లనొప్పులు, జుట్టు రాలడం, అన్నిటి పేర్లూ సీసా వెనక ఉన్నాయి. మిగతా రోగాలను చోటు చాలక వదిలేశారు.

ఆవిడను వీధిలో అందరూ కషాయాలావిడ అంటారు. తుమ్మినవాడికి ఓ గ్లాసు పట్టించకుండా వదలదు కాబట్టి, ఆ గుమ్మం ముందు ఎవరూ తుమ్మరు. ఆవిడకు మాత్రం ఆ పొడంటే ప్రాణం. దాని కోసం టీచరు ఉద్యోగం మానేసింది. ఇంతకుముందు రెండు దుకాణాలవాళ్లు వచ్చి, రుచి చూసి, మళ్లీ ఆ వీధి మొహం చూడలేదు. ఈ మేనేజరుది ఊరూరా శాఖలున్న పెద్ద దుకాణం. ఏ సరుకు కొనాలో, ఏది వద్దో తేల్చేది ఆయనే. ఈయన కూడా కాదంటే, అటక దాకా పేర్చిన సీసాలను చూసుకుని ఏడవడమే ఆవిడకు మిగులుతుంది.

“మీ ఆయన్ని ఓసారి పిలవండి. చూసి మాట్లాడితే నాకూ నమ్మకం కుదురుతుంది.”

“ఇంటిపట్టున ఉంటే కదండీ! పరుగుకి వెళ్లారు. ఈ పొడి మొదలెట్టాక కాలు ఒకచోట నిలవదనుకోండి.”

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి దగ్గు వినబడింది. గొంతులో మొదలై, పొట్ట లోతులు తడిమి, ఆగినట్టే ఆగి మళ్లీ అందుకునే దగ్గు. మేనేజరు సీసాను బల్ల మీద పెట్టేశాడు.

“ఎవరది?”

ఆవిడ గబుక్కున సీసా తీసి మళ్లీ ఆయన చేతిలో పెట్టింది.

“అదా... మా బావగారండి. మా ఆయనకి సొంత అన్నగారు.”

“ఈ ఇంట్లోనే ఉంటారా?”

“ఆఁ.”

“మరి ఈ కషాయం...”

“తాగితే కదండీ!” అని ఆవిడ గొంతు పెంచింది. “పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఆయన్ని చూశాకే పుట్టి ఉంటుంది. బతిమాలాను, కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ససేమిరా అంటారు.”

మేనేజరు లేచి తిన్నగా ఆ గది గుమ్మంలోకి వెళ్లాడు. ఆవిడ వెనకే పరిగెత్తింది. మంచం మీద ఓ మనిషి దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి, చెదిరిన జుట్టు, మెడకు మఫ్లరు.

“అన్నదమ్ములని వేరే చెప్పక్కర్లేదు. ఆ ముక్కు అచ్చు గుద్దినట్టుంది” అన్నాడు మేనేజరు.

“ఒక కడుపున పుట్టినవాళ్లు కదండీ!”

“ఏం సార్, ఇంట్లోనే మందు పెట్టుకుని ఎందుకు తాగరు?”

మంచం మీది మనిషి ఆవిడ వంక చూశాడు. ఆవిడ కళ్లు పెద్దవి చేసింది.

“ఇంట్లో ఒకడు తాగుతున్నాడుగా, చాలదా?” అని నీరసంగా అని, మళ్లీ దగ్గు అందుకున్నాడు.

“చూశారా ఆ మొండితనం!” అంది ఆవిడ.

మేనేజరు మొహం వెలిగిపోయింది. తన ఉద్యోగంలో ఆయన ఎన్నో సీసాలు చూశాడు. ప్రతి దాని మీదా మందు తాగి బాగుపడినవాడే నవ్వుతుంటాడు. తాగక చెడినవాడు ఇలా ప్రాణాలతో దొరకడం ఇదే మొదలు.

“పొద్దున నక్కతోక తొక్కి బయల్దేరానమ్మా! ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే రక్తం. ఉన్న తేడా అల్లా ఒక్క చెంచా పొడి! ఇంతకంటే రుజువేం కావాలి? కొత్త సీసా మీద ఇద్దర్నీ వేద్దాం. కుడివైపు తాగిన తమ్ముడు, ఎడమవైపు తాగని అన్న.”

“నా ఫొటోనా?” మంచం మీది మనిషి ఉలిక్కిపడ్డాడు. “ఉండండి, తల దువ్వుకుంటాను.”

“దువ్వుకోకండి సార్, మీకు దణ్ణం పెడతాను! ఇలాగే బాగున్నారు. వీలైతే కాస్త దగ్గండి.”

“నావల్ల కాదు.”

“కాదనకండి బావగారూ” అంది ఆవిడ బతిమాలుతూ. “మీ తమ్ముడి మొహం చూసైనా ఒప్పుకోండి.”

ఆయన ఆవిడను ఎగాదిగా చూశాడు. ఇక చేసేది లేక దగ్గాడు. మేనేజరు ఫోనులో ఫొటో పడింది.

అన్ని శాఖలకూ సరుకు కావాలని ఆర్డరు కాగితం మీద అక్కడికక్కడే సంతకం అయిపోయింది. ఆవిడ ఆనందం పట్టలేక, పొయ్యి మీద మరుగుతున్న కషాయం ఓ గ్లాసు తెస్తానంది.

“నేను రుచి చూడటం దేనికమ్మా, కొన్నవాళ్లు చూసుకుంటారు” అంటూ మేనేజరు గబగబా చెప్పులు తొడుక్కున్నాడు. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. “పాపం, ఆ పెద్దాయనకి కూడా నచ్చజెప్పి తాగించండి.”

“అలాగేనండి, నా ప్రయత్నం నేను చేస్తాను.”

కారు మలుపు తిరిగేదాకా చూసి, ఆవిడ తలుపు గడియ పెట్టింది. సంతోషంతో కళ్లు చెమర్చాయి. తన పొడి ఇక ఊరూరికీ చేరుతుంది. వంటింట్లోకి వెళ్లి, నల్లగా మరిగిన కషాయాన్ని పెద్ద గ్లాసు నిండా వడగట్టి, లోపలి గదిలోకి తీసుకెళ్లింది.

“ఏమండీ, మేనేజరు వెళ్లిపోయాడు, లేచి ఈ పూట కషాయం తాగేయండి.”