మూత మీద పేరు

"ఈ రెండింట్లో బాలింతది ఏది?" అని మేడం అడిగింది.

శిక్షణలో ఉన్న డాక్టరమ్మ రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఇద్దరు రోగుల వెన్నులోంచి తీసిన నీరు వేసి ఉంచిన రెండు పళ్లేలు ల్యాబు బల్ల మీద ఉన్నాయి. ఒకదాంట్లో సూక్ష్మజీవులు పెరిగాయి, రెండోది ఖాళీ. మూతలు రెండూ ఒకేసారి తీసి పక్కన పెట్టేసింది. పేర్లు ఆ మూతల మీదే ఉన్నాయి.

"పళ్లెం అడుగున రాయమని ఎన్నిసార్లు మొత్తుకున్నానమ్మా?"

"తొందరలో రాసేశాను మేడం."

అంతలో ఫోన్ మోగింది. స్పీకర్‌లో వార్డు డాక్టరు అరుస్తున్నాడు. "ఏమండీ, ఎవరికి మందు మార్చాలి? బాలింతకు స్పృహ తప్పుతోంది. ముసలాయనకేమో ఆ మందిస్తే ఉన్న ఒక్క కిడ్నీ పోతుంది!"

ఏదో ఒక పేరు చెప్పేస్తే వార్డులో ఎవరికీ తెలీదు. నిజం చెబితే ఇన్నేళ్ల చదువు ఆఖరి నెలలో నీళ్లపాలవుతుంది.

"సార్, ఏది ఎవరిదో నాకు తెలీదు. మూతలు కలిపేశాను. ఇద్దరి వెన్నునీరూ మళ్లీ కావాలి."

"ఇవి ప్రాణాలనుకున్నారా, ఇంకేమన్నా అనుకున్నారా? బాలింతకు మొదలెడుతున్నా. ఆపైన దేవుడిదే భారం!" ఫోన్ పెట్టేశాడు.

ఆమె మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "నన్ను పంపించేయండి మేడం."

మేడం ఆ కార్డు ముట్టుకోలేదు. "శిక్షణలో నేనూ ఓసారి మూత మీదే రాశాను. కాకపోతే, ఫోన్‌లో ఏదో ఒక పేరు చెప్పేశాను."

ఆ రోగి ఏమయ్యాడని ఆమె అడగలేదు. కొత్త సీసాలు రెండు తీసుకుని వార్డు వైపు పరుగెత్తింది.