వెనక్కి తిప్పిన ఎల్బో

"మీ మామకి చేతులు వణుకుతున్నాయి. రేపట్నించి ఆయన్ని తీసుకురాకు," అని తేల్చేసింది లాండ్రీ యజమానురాలు. పైపు మలుపులో మామ బిగించిన స్టీలు ఎల్బో దగ్గర వేడినీళ్లు కారుతున్నాయి.

అల్లుడు కారుతున్న చోట బకెట్ పెట్టాడు.

మామ గట్టిగానే బిగించాడు. ఎల్బో మూతి వంకరగా ఉందని, ఆయన అటు వెళ్లగానే పావుచుట్టు వెనక్కి తిప్పింది అల్లుడే. కొసకు సన్నబడే బ్రిటిష్ థ్రెడ్, అంటే పైపు మర, ఒక్కసారి వెనక్కి తిరిగిందా, పట్టు వదిలేస్తుంది. ఆ సంగతి నేర్పిందీ మామే.

"వయసు మీద పడింది కదమ్మా, తప్పు నాదే," అన్నాడు మామ.

ఆమె వెళ్లిపోయాక నేల తుడిచి, తన పానా అల్లుడి చేతిలో పెట్టాడు.

"విప్పి టేపు కొత్తగా చుట్టు. ఈసారి మూతి వంకరగా ఉంటే ముందుకే తిప్పు, అల్లుడూ."