బొల్లి ముంతలో తోడు

కొండవాలు దొడ్డిలో బొల్లి అనే ముసలి గొర్రె ఉండేది. దాని పాలు ఎండిపోయినా, ముంతలోని తోడు వేస్తే ఎవరి పాలైనా గడ్డపెరుగయ్యేవి. అందరూ రోజూ ఇన్ని పాలు ఆ ముంతలో పోసి, ఇంత తోడు పట్టుకెళ్లేవారు. కాసేపు కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేవారు.

పక్క పాకలోని మేక చుక్కికి అది చూస్తే కడుపు మండేది. "పాలిచ్చేదాన్ని నేనుండగా, ఆ వట్టిపోయినదానికా ఇంత మర్యాద!"

ఒకనాడు గాడిద గంగి దగ్గర చుక్కి గొంతు తగ్గించింది. "నాకెందుకులే గానీ వదినా, ఆ ముంత అదో రకం వాసనేస్తోంది."

గంగి బర్రెకు చెప్పింది, బర్రె ఆవుకు చెప్పింది. భయపడి అందరూ ఇళ్లలో ఉన్న పెరుగు కూడా పారబోశారు. తన మాట నమ్మాలని చుక్కి సైతం నలుగురి ముందూ తన పెరుగు కుండ బోర్లించింది. కొత్త పాలు పోసే దిక్కులేక బొల్లి ముంత పులిసి పులిసి నిజంగానే బూజు పట్టింది.

"చూశారా, నేను చెప్పలా?" అని చుక్కి మురిసిపోయింది.

మర్నాడు దొడ్డి అంతా ఖాళీ చిప్పలతో చుక్కి గుమ్మంలోకి వచ్చింది. చివరగా బొల్లి కూడా నిలబడి ఉంది.

"చెడిందని ముందే కనిపెట్టావు కదమ్మా, మంచి తోడు నీ దగ్గరే ఉంటుంది. కాస్త పెట్టు తల్లీ," అంది బొల్లి.

చుక్కి తలుపుకు అడ్డంగా నిలబడింది. లోపల దాని పాలు కూడా తోడుకోక విరిగి, నీళ్లు తేలి ఉన్నాయి.